హోమ్ సర్వర్‌లో లాగిన్ లేని పేజీలకి పాస్‌వర్డ్ పెట్టడం ఎలా? స్టెప్ బై స్టెప్ గైడ్

మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌నో, రాస్‌బెరీ పై బోర్డునో హోమ్ సర్వర్‌గా మార్చుకునే వాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. ఫోటోల బ్యాకప్ మనదే, సినిమాల లైబ్రరీ మనదే, నెలనెలా సబ్‌స్క్రిప్షన్ గోల లేదు. అంతవరకూ సూపర్. కానీ మనం ఇన్‌స్టాల్ చేసే సర్వీసుల్లో కొన్నిటికి అసలు లాగిన్ స్క్రీనే ఉండదు. అడ్రస్ తెలిస్తే చాలు, పేజీ తెరుచుకుంటుంది. అలాంటి పేజీల ముందు ఒక సింపుల్ పాస్‌వర్డ్ ఎలా పెట్టాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్లేదు. ఒక టెక్స్ట్ ఫైల్ ఎడిట్ చేయడం, నాలుగు కమాండ్లు టైప్ చేయడం వస్తే సరిపోతుంది.

ముందుగా ఒక మాట: కమాండ్లని ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టు రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. హైఫన్, అండర్‌స్కోర్ ఎక్కడ వస్తాయో విడిగా చెప్తాను.

అసలు ఎవరి నుంచి దాచాలి?

మాది ములుగు. మా ఇంట్లో సర్వర్ అంటే 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, దాని మీద డెబియన్. కరెంట్ పోయినా దాని బ్యాటరీయే యూపీఎస్‌లా పనిచేస్తుంది కాబట్టి ఇది నాకు బాగా కుదిరింది. అందులో ఫోటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, కంటైనర్ల లాగ్స్ చూడ్డానికి డోజిల్, అన్నీ ఒక్కచోట కనపడేలా హోమ్‌పేజ్ అనే డ్యాష్‌బోర్డ్ నడుస్తున్నాయి. వీటితో పాటు "కాగితాలు" అని ఒక ఫోల్డర్ ఉంది. పట్టాదారు పాస్‌బుక్ స్కాన్, అందరి ఆధార్ కాపీలు, ఎల్ఐసీ బాండ్లు, తమ్ముడి మెమోలు అన్నీ అందులోనే.

ఇప్పుడు మా వైఫై సంగతి. ములుగు సరిగ్గా మేడారం వెళ్ళే 163 నంబర్ జాతీయ రహదారి మీద ఉంటుంది. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటే హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ నుంచి చుట్టాలందరికీ మా ఇల్లే మజిలీ. వచ్చిన వాళ్ళు మొదట మంచినీళ్ళు అడుగుతారు, తర్వాత వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. చుట్టాల పిల్లలు, వాళ్ళతో వచ్చిన ఫ్రెండ్స్, జీపు డ్రైవర్... ఎవరి ఫోన్‌లో ఏ యాప్ ఉందో, ఏ వైరస్ ఉందో మనకి తెలీదు. ఒకసారి కనెక్ట్ అయిన ఫోన్‌లో పాస్‌వర్డ్ అలాగే సేవ్ అయి ఉంటుంది.

ఈ లాగిన్ పని మొదలుపెట్టినప్పుడు మా నాన్న అడిగిన ప్రశ్న: "మనింట్ల మనకే తాళమెందుకురా?" నా సమాధానం చాలా సింపుల్. "ఇంటికి తలుపున్నా బీరువాకి తాళం ఏస్తున్నం కదా నాన్నా!" వైఫై పాస్‌వర్డ్ అనేది వీధి తలుపు. చుట్టం వస్తే తీయాల్సిందే. బీరువా తాళం మాత్రం వేరేగా ఉండాలి.

లాగిన్ లేని పేజీ ఎంత నష్టం చేస్తుంది?

దీనికి మన తెలుగు రాష్ట్రాల్లోనే ఒక ఉదాహరణ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల వివరాలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని హైదరాబాద్‌కి చెందిన సెక్యూరిటీ రీసెర్చర్ శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్ నంబర్లతో పాటు బ్యాంక్ ఖాతా, కులం, మతం లాంటి వివరాలు కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ వివరాలు చూడ్డానికి ఎవరూ ఏ పాస్‌వర్డూ పగలగొట్టక్కర్లేదు. పగలగొట్టడానికి అక్కడ తలుపే లేదు.

మన ఇంటి సర్వర్‌లో లక్ష మంది డేటా ఉండదు. ఉండేది నలుగురిదే, కానీ ఆ నలుగురూ మన వాళ్ళే. ఆధార్ కాపీ, సంతకం, పాస్‌బుక్ స్కాన్ మూడూ ఒకే ఫోల్డర్‌లో దొరికితే మన పేరు మీద సిమ్ తీసుకోవడానికో, లోన్ అప్లై చేయడానికో ప్రయత్నించే వాడికి పని తేలికైపోతుంది.

"నా అడ్రస్ ఎవరికీ తెలీదు కదా" అనుకునే వాళ్ళకి రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి: సొంత డొమైన్ పెట్టి లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే, ఆ సబ్‌డొమైన్ పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్స్‌లో పబ్లిక్‌గా నమోదవుతుంది. ఎవరైనా వెతికి చూడొచ్చు. కాబట్టి విచిత్రమైన పేరు పెట్టినంత మాత్రాన సీక్రెట్ అవ్వదు.

రెండు: మన దేశంలో చాలా కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి. అంటే మనకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. "బయటి వాళ్ళు రాలేరులే" అనిపిస్తుంది. కానీ క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది పెట్టిన క్షణం నుంచి ఆ అడ్డు ఉండదు, పేజీ ప్రపంచం మొత్తానికి తెరుచుకుంటుంది. పైగా ఇంట్లో వైఫైకి కనెక్ట్ అయిన ఫోన్‌కి సీజీనాట్‌తో సంబంధమే లేదు.

ఏ సర్వీస్‌కి పెట్టాలి, దేనికి వద్దు?

ముందు ఒక కాగితం మీద మీ సర్వీసులన్నీ రెండు భాగాలుగా రాసుకోండి.

సొంత లాగిన్ ఉన్నవి: ఇమ్మిచ్, జెల్లీఫిన్, నెక్స్ట్‌క్లౌడ్, హోమ్ అసిస్టెంట్. వీటి ముందు ఇంకో పాస్‌వర్డ్ పెట్టొద్దు. కారణం కింద చెప్తాను.

సొంత లాగిన్ లేనివి, లేదా డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండేవి: హోమ్‌పేజ్ డ్యాష్‌బోర్డ్, డోజిల్, గ్లాన్సెస్ వెబ్ పేజీ, ఫోల్డర్‌ని లిస్ట్‌గా చూపించే ఫైల్ పేజీలు, మీరు సొంతంగా రాసుకున్న చిన్న చిన్న పేజీలు. మనం తాళం వేయాల్సింది వీటికే.

డోజిల్‌లో కనపడేవి ఉత్త లాగ్సే కదా అని తీసిపారేయొద్దు. కొన్ని యాప్స్ తమ లాగ్స్‌లో టోకెన్లు, యూజర్ పేర్లు కూడా రాసేస్తాయి.

బేసిక్ ఆథ్ అంటే ఏంటి?

మనం వాడబోయేది హెచ్‌టీటీపీ బేసిక్ ఆథెంటికేషన్. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఇది ఉంది. అందుకే ప్రతి బ్రౌజర్‌కీ వచ్చు. పనిచేసే తీరు ఇదీ: మీరు పేజీ అడుగుతారు. సర్వర్ 401 అనే కోడ్‌తో "ముందు ఎవరో చెప్పు" అంటుంది. బ్రౌజర్ ఒక చిన్న బాక్స్ చూపిస్తుంది. మీరు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే వాటిని కలిపి, బేస్64 రూపంలోకి మార్చి, ఆథరైజేషన్ అనే హెడర్‌లో పెట్టి పంపుతుంది. ఆ తర్వాత వెళ్ళే ప్రతి రిక్వెస్ట్‌తోనూ అదే హెడర్ వెళ్తుంది.

ఇక్కడే అసలు పాయింట్. బేస్64 అనేది ఎన్‌క్రిప్షన్ కాదు, రాత మార్చడం మాత్రమే. మధ్యలో చూసినవాడు ఒక్క సెకనులో తిప్పి చదివేస్తాడు. కాబట్టి హెచ్‌టీటీపీఎస్ లేకుండా బేసిక్ ఆథ్ పెడితే పోస్ట్‌కార్డ్ మీద ఏటీఎం పిన్ రాసి పంపినట్టే. ఈ రెండూ జంటగానే ఉండాలి.

ఈ పనికి నేను క్యాడీ అనే వెబ్ సర్వర్ వాడతాను. ఇంజిన్‌ఎక్స్‌తో కూడా చేయొచ్చు కానీ క్యాడీలో హెచ్‌టీటీపీఎస్ దానంతట అదే సెట్ అవుతుంది, కాన్ఫిగ్ కూడా చిన్నగా ఉంటుంది. ఇది మీ సర్వీసుల ముందు గేట్‌మ్యాన్‌లా నిలబడుతుంది. దీన్నే రివర్స్ ప్రాక్సీ అంటారు.

సెటప్: స్టెప్ బై స్టెప్

స్టెప్ 1: క్యాడీ ఇన్‌స్టాల్ చేయండి. డెబియన్ 12 రిపోలో వచ్చేది 2.6 వెర్షన్. క్యాడీ వాళ్ళ సొంత రిపో యాడ్ చేసుకుంటే కొత్త వెర్షన్ వస్తుంది. నేను అదే సజెస్ట్ చేస్తాను.

స్టెప్ 2: సర్వీస్‌కి ఒక పేరు పెట్టండి. ఇంటి నెట్‌వర్క్ కోసమే కేటాయించిన "హోమ్ డాట్ ఆర్పా" అనే డొమైన్ ఉంది, 2018 నుంచి అది అధికారికం. నేను "లాగ్స్ డాట్ హోమ్ డాట్ ఆర్పా", "కాగితాలు డాట్ హోమ్ డాట్ ఆర్పా" అని పెట్టుకున్నాను. పై-హోల్ వాడుతుంటే లోకల్ డీఎన్ఎస్ రికార్డ్స్‌లో ఈ పేర్లకి సర్వర్ ఐపీ ఇవ్వండి, ఉదాహరణకి 192.168.1.20. రెండు జాగ్రత్తలు: పై-హోల్ 6 కూడా 80, 443 పోర్టులనే వాడుతుంది, కాబట్టి రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే పై-హోల్ పోర్ట్ మార్చాలి. ఇంకా ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌లో వేరే సర్వర్ పెట్టి ఉంటే ఈ పేర్లు తెరుచుకోవు.

స్టెప్ 3: పాస్‌వర్డ్ హ్యాష్ తయారు చేయండి. టెర్మినల్‌లో "క్యాడీ", స్పేస్, "హ్యాష్-పాస్‌వర్డ్" (మధ్యలో హైఫన్) అని టైప్ చేస్తే పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే 60 అక్షరాల పొడుగు లైన్ ఒకటి ఇస్తుంది. అది బీక్రిప్ట్ హ్యాష్. కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టేది దీన్నే, అసలు పాస్‌వర్డ్‌ని కాదు. ఫైల్ ఎవరి చేతికైనా చిక్కినా అందులో నుంచి పాస్‌వర్డ్ నేరుగా చదవలేరు.

స్టెప్ 4: క్యాడీఫైల్ ఎడిట్ చేయండి. "ఈటీసీ" ఫోల్డర్‌లో "క్యాడీ" ఫోల్డర్ లోపల ఉంటుంది. ఈ ఒక్క ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది. అందులో ఒక్కో సర్వీస్‌కి ఒక బ్లాక్ రాయాలి, ఈ వరసలో:

- మొదటి లైన్: సర్వీస్ పేరు, స్పేస్, తెరిచే మీసాల బ్రాకెట్.
- రెండో లైన్: "టీఎల్ఎస్ ఇంటర్నల్". అంటే సర్టిఫికెట్ క్యాడీయే తయారు చేసుకోవాలి అని.
- మూడో లైన్: "బేసిక్_ఆథ్" (మధ్యలో అండర్‌స్కోర్), స్పేస్, ఇంకో మీసాల బ్రాకెట్. వెర్షన్ 2.8 కంటే పాతదైతే అండర్‌స్కోర్ తీసేసి కలిపి రాయండి.
- నాలుగో లైన్: యూజర్‌నేమ్, స్పేస్, స్టెప్ 3లో వచ్చిన హ్యాష్. ఇంకో మనిషికి కూడా ఇవ్వాలంటే దాని కింద ఇంకో లైన్.
- ఐదో లైన్: ఆ బ్రాకెట్ మూసేయండి.
- ఆరో లైన్: "రివర్స్_ప్రాక్సీ", స్పేస్, 127.0.0.1:8080. ఈ పోర్ట్ నంబర్ మీ సర్వీస్‌ది.
- ఏడో లైన్: మొదటి బ్రాకెట్ మూసేయండి.

కాగితాల ఫోల్డర్‌కి అయితే ఆరో లైన్ బదులు రెండు లైన్లు: "రూట్", స్పేస్, స్టార్ గుర్తు, స్పేస్, ఫోల్డర్ అడ్రస్. దాని కింద "ఫైల్_సర్వర్ బ్రౌజ్". ఆ ఫోల్డర్‌ని చదివే పర్మిషన్ క్యాడీ యూజర్‌కి ఉండాలి. రాసే పర్మిషన్ అక్కర్లేదు, ఇవ్వకండి.

స్టెప్ 5: "క్యాడీ వ్యాలిడేట్" కమాండ్‌ని మీ క్యాడీఫైల్ మీద నడిపి తప్పులున్నాయేమో చూసుకోండి. తర్వాత "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ క్యాడీ" కొట్టండి. సర్వీస్ ఆగకుండానే కొత్త సెట్టింగ్స్ వచ్చేస్తాయి.

స్టెప్ 6: ఫోన్లకి సర్టిఫికెట్ పరిచయం చేయండి. క్యాడీ సొంతంగా తయారు చేసిన సర్టిఫికెట్ కాబట్టి బ్రౌజర్ మొదట వార్నింగ్ ఇస్తుంది. క్యాడీ డేటా ఫోల్డర్‌లో ఉన్న రూట్ సర్టిఫికెట్ ఫైల్‌ని ఇంట్లో వాళ్ళ ఫోన్లలో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే చాలు. ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సీఏ సర్టిఫికెట్ అనే ఆప్షన్ ఉంటుంది. ఐఫోన్‌లో ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేశాక, సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చేయాలి. "వార్నింగ్ వస్తే కంటిన్యూ నొక్కేయండి" అని మాత్రం ఇంట్లో వాళ్ళకి నేర్పించొద్దు. ఆ అలవాటు రేపు బ్యాంక్ పేరుతో వచ్చే దొంగ సైట్ దగ్గర కూడా పనిచేస్తుంది.

పాస్‌వర్డ్ తెలుగులో పెట్టొచ్చా?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. పెట్టొచ్చు గానీ నేను వద్దంటాను. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే పాస్‌వర్డ్‌ని పట్టించుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతాయి. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడి అక్షరాలుగానే లెక్క. అంటే మొత్తం 24 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. "స్త్రీ" అన్న ఒక్క మాటే 6 గుర్తులు, 18 బైట్లు. పైగా టీవీ రిమోట్‌తోనో, తెలుగు కీబోర్డ్ లేని ల్యాప్‌టాప్‌లోనో టైప్ చేయాల్సి వస్తే తిప్పలు తప్పవు.

బెస్ట్ ఐడియా: సంబంధం లేని నాలుగు తెలుగు మాటలని ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో టైప్ చేయండి. గొంగడి, స్విచ్చు, ఇప్పపువ్వు, తాటిముంజ లాంటివి (ఈ నాలుగే పెట్టకండి!). 2000 మాటల లిస్ట్‌లో నుంచి గుడ్డిగా నాలుగు తీస్తే 16 లక్షల కోట్ల కాంబినేషన్లు వస్తాయి. అదే 6 అంకెల పిన్ అయితే 10 లక్షలే. మా అమ్మకి పుట్టినతేదీ కంటే ఈ మాటలే బాగా గుర్తున్నాయి. ఊరి పేరు, ఇంటిపేరు, కుక్కపిల్ల పేరు మాత్రం వద్దు. చుట్టాలకి మొదట తట్టేవి అవే.

వెనక తలుపు మూశారా?

ఈ సెటప్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. చాలా గైడ్లు ఇక్కడి దాకా రావు. ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపు వదిలేస్తే లాభం లేదు.

డాకర్ కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ దగ్గర మామూలుగా 8080:8080 అని రాస్తాం. దాని అర్థం "ఈ మెషీన్‌కి ఉన్న అన్ని అడ్రస్‌ల మీదా తెరువు" అని. అంటే ఎవరైనా 192.168.1.20:8080 అని కొడితే క్యాడీని పక్కన పెట్టి నేరుగా లోపలికి వెళ్ళిపోతారు, పాస్‌వర్డ్ ప్రశ్నే రాదు. దాన్ని 127.0.0.1:8080:8080 అని మార్చండి. అప్పుడు ఆ మెషీన్ లోపల నుంచి, అంటే క్యాడీకి మాత్రమే అందుతుంది. మార్చాక కంటైనర్‌ని మళ్ళీ క్రియేట్ చేయాలి.

"నేను యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాను కదా" అంటారా? డాకర్ తెరిచే పోర్టులకి సొంత రూల్స్ రాసుకుంటుంది. అవి యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే దారి ఇచ్చేస్తాయి. కాబట్టి ఫైర్‌వాల్‌లో బ్లాక్ అని చూపించినా పోర్ట్ తెరిచే ఉండొచ్చు.

ఇంకో వెనక తలుపు సాంబా. అదే కాగితాల ఫోల్డర్‌ని గెస్ట్ యాక్సెస్‌తో షేర్ చేసి ఉంటే వెబ్ పేజీకి ఎన్ని తాళాలు వేసినా వేస్టే. దాన్ని కూడా చూసుకోండి.

తాళం పడిందా లేదా? ఇలా టెస్ట్ చేయండి

1. సర్వర్‌లో "ఎస్ఎస్" కమాండ్‌ని హైఫన్ టీఎల్ఎన్‌పీ అనే ఆప్షన్‌తో నడపండి. ఏ పోర్ట్ ఎక్కడ తెరిచి ఉందో లిస్ట్ వస్తుంది. 127.0.0.1 అని ఉన్నవి సేఫ్. 0.0.0.0 అనో, స్టార్ గుర్తో ఉన్న ప్రతి లైన్‌కీ "ఇది ఎందుకు తెరిచి ఉంది?" అని సమాధానం మీ దగ్గర ఉండాలి.
2. వేరే ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి సర్వీస్ పేరు కొట్టండి. పాస్‌వర్డ్ బాక్స్ రావాలి. క్యాన్సిల్ నొక్కితే పేజీ తెరుచుకోకూడదు.
3. అదే ఫోన్‌లో ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్ నేరుగా కొట్టండి. కనెక్ట్ అవ్వకూడదు.
4. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి చూడండి. మళ్ళీ మళ్ళీ అడగాలి.

మూడో టెస్ట్ పాస్ అయితేనే పని పూర్తయినట్టు లెక్క.

బేసిక్ ఆథ్‌తో ఇబ్బందులు

నిజం చెప్పాలంటే ఇది సైకిల్ తాళం లాంటిది. చాలా వరకు సరిపోతుంది, కానీ హద్దులున్నాయి.

లాగౌట్ బటన్ ఉండదు. బ్రౌజర్ పూర్తిగా మూసే దాకా లాగిన్ గుర్తుంటుంది. అందుకే ఎవరి ఫోన్‌లోనైనా చూపించాలంటే ఇన్‌కాగ్నిటోలోనే తెరవండి.

సొంత లాగిన్ ఉన్న యాప్స్‌తో గొడవ పడుతుంది. హోమ్ అసిస్టెంట్ లాంటివి తమ టోకెన్‌ని పంపేది కూడా ఆథరైజేషన్ హెడర్‌లోనే. ఒక రిక్వెస్ట్‌లో ఆ హెడర్ ఒక్కటే పడుతుంది కాబట్టి ఇద్దరికీ ఒకే సీటు రిజర్వ్ చేసినట్టు అవుతుంది. పైన వాటికి వద్దన్నది ఇందుకే.

ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ అవ్వదు. ఇంటి నెట్‌వర్క్‌లో పొడుగు పాస్‌వర్డ్ ఉంటే సరిపోతుంది. ఇంటర్నెట్‌కి తెరిస్తే మాత్రం ఫెయిల్‌2బ్యాన్ లాంటిది తోడు కావాలి.

సర్వీసులు ఐదారు దాటితే నెక్స్ట్ లెవెల్‌కి వెళ్ళండి: ఆథెలియా, టైనీఆథ్ లాంటివి. క్యాడీలో "ఫార్వర్డ్_ఆథ్" అనే ఆప్షన్ ఉంది. ప్రతి రిక్వెస్ట్ వచ్చినప్పుడు క్యాడీ ముందు వీటిని అడుగుతుంది. సరే అంటే లోపలికి పంపుతుంది, లేదంటే లాగిన్ పేజీకి తిప్పుతుంది. ఒక్కసారి లాగిన్ అయితే అన్ని పేజీలూ తెరుచుకుంటాయి, లాగౌట్ ఉంటుంది, 30 సెకన్లకోసారి మారే 6 అంకెల కోడ్ కూడా పెట్టుకోవచ్చు.

ఊరు దాటి వెళ్ళినప్పుడు?

తమ్ముడు హన్మకొండ హాస్టల్‌లో ఉంటాడు. వాడికి మెమో స్కాన్ కావాలంటే ఇంటి సర్వర్ అందాలి. దానికోసం పేజీని ఇంటర్నెట్‌కి తెరవలేదు, టెయిల్‌స్కేల్ వాడుతున్నాం. పర్సనల్ వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది, సీజీనాట్ వెనక నుంచి కూడా పనిచేస్తుంది, మన అకౌంట్‌లో ఉన్న డివైజ్‌లకి తప్ప ఎవరికీ సర్వర్ కనపడదు. సర్వర్‌ని అందులో సబ్‌నెట్ రౌటర్‌గా పెట్టి, డీఎన్ఎస్‌గా పై-హోల్‌ని ఇస్తే ఇంట్లో వాడే పేర్లే హాస్టల్‌లోనూ తెరుచుకుంటాయి. అయినా పాస్‌వర్డ్ అలాగే ఉంచండి. ఫోన్ పోతే ఆ రెండో తాళమే కాపాడుతుంది.

వీటన్నిటికంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. మీ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆప్షన్ ఉందేమో చూడండి. ఉంటే చుట్టాలకి ఆ పాస్‌వర్డే ఇవ్వండి. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్లకి ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంటి సర్వర్ అందదు. మీ దాంట్లో నిజంగా అందట్లేదా అన్నది పైన చెప్పిన మూడో టెస్ట్‌తో తేల్చుకోండి. రౌటర్ అడ్మిన్ పేజీకి ఇంకా డిఫాల్ట్ పాస్‌వర్డే ఉంటే అది కూడా ఈ రోజే మార్చేయండి.

మొత్తం పని కలిపి ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. టైమ్ లేదనుకుంటే కనీసం "ఎస్ఎస్" కమాండ్ ఒక్కటి ఇప్పుడే నడిపి చూడండి. మీ ఇంట్లో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో ఆ లిస్టే చెప్తుంది. కాగితాలున్న ఫోల్డర్‌తో మొదలుపెట్టండి, డ్యాష్‌బోర్డ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.